తొమ్మిది వెండి రూపాయలు, ఒక స్టీలు బిందె: పాత నాణేలను చవగ్గా పట్టుకోవడం ఎలా?

మా ఇంట్లో ఒక స్టీలు బిందె ఉంది. మెడ కింద చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు చెక్కి ఉంటుంది. నలభై ఏళ్ళు దాటినా ఒక్క సొట్ట లేదు. అది మా ఇంటికి ఎలా వచ్చిందో మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. నేను పాత నాణేలు కొనడం మొదలుపెట్టాక ఒకరోజు అమ్మే చెప్పింది.

"మా ఊరికి సైకిల్ మీద స్టీలు సామాన్లాయన వచ్చేటోడు. అమ్మమ్మ సందూకలోంచి తొమ్మిది నిజాం రూపాయలు తీసిచ్చి ఈ బిందె తీసుకుంది. మా వాడకట్టులో మొదటి స్టీలు బిందె మాదే."

అలవాటు కొద్దీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచాను. నిజాం కాలపు వెండి రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. అంటే ఒక్కోదాంట్లో 9.14 గ్రాముల స్వచ్ఛమైన వెండి. తొమ్మిదికి కలిపి 82 గ్రాముల పైమాటే. "ఇప్పుడైతే ఎంతైతదిరా?" అని అడిగింది అమ్మ. చెప్పాను. కాసేపు బిందె వైపు చూసి, "అప్పుడు ఎవరికి తెలుసు" అంది.

నాణేల హాబీలో "చవగ్గా కొట్టేశా" అనే మాటకున్న కిక్కు వేరు. నేనూ ఆ కిక్కు కోసమే మొదలుపెట్టాను. ఆ సైకిలాయన కూడా ఆ రోజు ఇంటికెళ్ళి అదే మాట అనుకుని ఉంటాడు. అందుకే ఈ వ్యాసంలో రెండు విషయాలు. తక్కువ ధరకు మంచి నాణెం ఎలా దొరుకుతుంది? ఎవరి దగ్గర దొరికితే అది నిజంగా మన గెలుపు?

పాతదైతే చాలదు

కొత్తగా వచ్చే ప్రతివాళ్ళూ చేసే మొదటి పొరపాటు వయసును చూసి ధర కట్టడం. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా రాగి నాణెం చూడండి. దాదాపు రెండు శతాబ్దాల వయసు. కానీ లెక్కలేనన్ని కొట్టారు కాబట్టి ఏ నాణేల దుకాణంలోనైనా గుప్పెడు దొరుకుతాయి. వెయ్యేళ్ళు దాటిన రాజరాజ చోళుడి రాగి కాసు కూడా మామూలు స్థితిలో ఉన్నది వందల రూపాయల్లోనే వస్తుంది. మరోవైపు, మన చిన్నప్పటి నాణెమే ఒక ఏడాది, ఒక టంకశాల కలిసిన చోట చాలా తక్కువ సంఖ్యలో ఉంటే దానికి మంచి ధర పలుకుతుంది.

ధరను నిర్ణయించేవి మూడు: ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, ఏ స్థితిలో ఉంది. మూడోది చాలామంది పట్టించుకోరు. ఒకే ఏడాది, ఒకే టంకశాల నాణేలు రెండున్నా, అరిగిపోయినదానికీ, ముద్ర తాజాగా మెరిసేదానికీ మధ్య ధర పదింతలు తేడా ఉండొచ్చు.

ఈ సంగతి తెలియక ముందు నేను మూడు వేలు పోగొట్టుకున్నాను. ఒక గుడి బయట, ఒకవైపు రామదర్బారు బొమ్మ, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే తేదీ ఉన్న పెద్ద రాగి బిళ్ళ కొన్నాను. "అయస్కాంత శక్తి ఉంది బాబూ, ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుంది" అన్నాడు అమ్మినాయన. రూమ్‌కి వచ్చి వెతికితే తెలిసింది, కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదని. 1616, 1717, 1818, 1839 తేదీలతో, రాముడు, హనుమంతుడు, లక్ష్మి బొమ్మలతో దొరికేవన్నీ ఇటీవల తయారుచేసిన బిళ్ళలే. ఆ బిళ్ళ ఇప్పటికీ నా టేబుల్ మీద పేపర్ వెయిట్‌గా ఉంది. ఆఫీసు కాల్‌లో కూడా కళ్ళముందే ఉంటుంది, మంచిదే.

కింది గీత ముందు తెలుసుకోండి

చవక అనే మాటకు అర్థం ఉండాలంటే ముందు దాని కనీస విలువ తెలియాలి. వెండి నాణేలకు ఇది చాలా సులువు.

బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 1835 నుంచి 1939 దాకా ఒకే కొలత: 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. అంటే స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. మన పెద్దలు చెప్పే తులం అసలు ఈ రూపాయి బరువే. ఇప్పుడు షాపుల్లో తులమంటే 10 గ్రాములుగా చలామణీ అవుతోంది కానీ, పాత తులం 11.66 గ్రాములు. అర్ధ రూపాయి 5.83 గ్రాములు, పావలా 2.92 గ్రాములు, వాటిలోనూ వెండి శాతం అంతే.

ఆ రోజు వెండి గ్రాము రేటును 10.69తో గుణించండి. అదే కింది గీత. పూర్తి రూపాయి ఆ గీత దగ్గర దొరికితే మీకు పెద్ద నష్టం ఉండదు. నాణెం అరుదైనది కాకపోయినా వెండి ఎక్కడికీ పోదు. అయితే కరిగించేవాళ్ళు తరుగు తీసేసి ఇస్తారని మర్చిపోవద్దు.

ఇక్కడ రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక వెండికి కరువొచ్చింది మరి. ఆ రూపాయిల అంచు చూస్తే గీతల మధ్యలో సన్నటి గాడి కనిపిస్తుంది. ఇక 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉన్నది, అసలు వెండే కాదు. నికెల్. అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. "మా తాత దాచిన వెండి రూపాయి" అని చూపించేవాటిలో పులి రూపాయిలు చాలాసార్లు కనిపిస్తాయి. 1939 తేదీ ఉన్న ఆరో జార్జి రూపాయి అరుదు. అందుకే దానికి నకిలీలు కూడా ఎక్కువ. అది చవగ్గా దొరికిందంటే సంతోషపడే ముందు అనుమానపడండి.

వంటింట్లో ల్యాబ్

నకిలీని పట్టుకోవడానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. గ్రాములో నూరో వంతు వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా, ఒక అయస్కాంతం, దారం, గ్లాసు నీళ్ళు చాలు.

మొదట అయస్కాంతం. అతుక్కుంటే వెండి కాదు. తర్వాత బరువు. అరుగుదల వల్ల పది, ఇరవై పాయింట్లు తగ్గొచ్చు కానీ, 10 గ్రాములు చూపిస్తే పక్కన పెట్టేయండి. ఆ తర్వాత అసలు పరీక్ష. నీళ్ళ గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకు, అంచులకు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపించే అంకె నాణెం ఘనపరిమాణం. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత. ఆర్కిమెడిస్ సూత్రమే, ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం చదివిందే.

91.7 శాతం వెండి రూపాయికి 10.3 దగ్గర రావాలి. అంటే కాటా మీద 1.13 గ్రాముల దగ్గర కనిపిస్తుంది. నిజాం రూపాయికి 10.2 దగ్గర వస్తుంది. రాగి, నికెల్ కలిపిన నకిలీ అయితే 8.9 దగ్గరే ఆగిపోతుంది. నేను ఈ పరీక్ష చేసిన మొదటి పది రూపాయల్లో రెండు ఫెయిలయ్యాయి. ఆ రెండూ చూడ్డానికి మిగతా ఎనిమిదింటికన్నా బాగుంటాయి.

ఒక హెచ్చరిక. అసలు వెండితోనే చేసిన నకిలీలు ఈ పరీక్ష పాసవుతాయి. కాబట్టి సాధారణ నాణేలకు ఇది సరిపోతుంది. అరుదైనవి అని చెప్పి పెద్ద మొత్తం అడిగే నాణేలకు మాత్రం తెలిసినవాళ్ళ కన్ను, అమ్మినవాళ్ళ రాతపూర్వక గ్యారంటీ కావాలి.

అందరూ ఒకటే అనుకునే చోట

ఇప్పుడు అసలు రుచికరమైన భాగం. వ్యాపారి ఒక ట్రేలో వంద నాణేలు పోసి, ఏది తీసుకున్నా ఒకటే ధర అంటాడు. ఆ వందలో అన్నీ ఒకటి కాదని మీకు తెలిస్తే, మీ సంపాదన అక్కడే.

మొదటి ఉదాహరణ, 1862 విక్టోరియా రూపాయి. దీని మీద 1862 అని ఉన్నంత మాత్రాన 1862లోనే కొట్టినట్టు కాదు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా అదే తేదీతో కొట్టారు. బొంబాయి టంకశాల మాత్రం అసలు ఏడాదిని గుర్తించడానికి తేదీ పైనా కిందా చిన్న చిన్న చుక్కలు పెట్టింది. కొన్ని చుక్కల కాంబినేషన్లు మామూలువి, కొన్ని బాగా అరుదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చుక్కలు లెక్కపెట్టే ఓపిక ఉంటే చాలు. అంతకుముందు వచ్చిన 1840 రూపాయిలోనూ ఇలాంటిదే ఒక సరదా ఉంది. వెనక ఉన్న ఆకుల దండలో చిన్న చిన్న కాయలుంటాయి. ఆ కాయల సంఖ్యను బట్టి రకాలు మారతాయి. పెద్దవాళ్ళు భూతద్దం పెట్టుకుని కాయలు లెక్కపెట్టడం చూసి మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నేనూ అదే పని.

రెండోది, మన జేబులోని చిల్లర. తేదీ కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. పాత హైదరాబాద్ నాణేల మీద నక్షత్రానికి బదులు చీలిన డైమండ్, మధ్యలో చుక్క ఉన్న డైమండ్ కూడా కనిపిస్తాయి. 1985లో కొన్ని రూపాయి నాణేలను బ్రిటన్‌లో కొట్టించారు. వాటిలో తేదీ కింద హెచ్ అక్షరం ఉన్నవి బర్మింగ్‌హామ్‌వి. 1990ల చివర్లో దక్షిణాఫ్రికా, స్లొవేకియా, రష్యా లాంటి దేశాల టంకశాలలు కూడా మనకు నాణేలు కొట్టాయి. వీటిలో చాలావరకు అరుదు కావు. కానీ ఒకే డిజైన్‌కు ఒక టంకశాల నాణేలు కుప్పలుగా, ఇంకో టంకశాలవి కొన్నే ఉండటం మామూలు. "ఈ స్మారక నాణెం ఉందా?" అని అడిగేవాళ్ళు చాలామంది. "ఏ టంకశాలది?" అని అడిగేవాళ్ళు కొద్దిమంది.

మూడోది, మన హైదరాబాద్ సొంతం. నిజాం నాణేల మీద చార్మినార్ ఉంటుంది. మధ్య వాకిలిలో ఒక అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలానికి చెందినదైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ఐన్. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల మీద ఐన్ అక్షరం సగం రూపంలో ఉంటుంది, తర్వాతి వాటి మీద పూర్తిగా ఉంటుంది. తేదీ హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. సున్నా అంటే చిన్న చుక్క. ఏడు ఇంగ్లీషు వి అక్షరంలా, ఎనిమిది అదే అక్షరం తలకిందులుగా ఉంటాయి. పది అంకెలు నేర్చుకోవడానికి ఒక మెట్రో ప్రయాణం చాలు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1330 అయితే 1912 దగ్గర. తేదీ చదవలేని అమ్మకందారు అన్నింటికీ ఒకే ధర చెబుతాడు. చదవగలిగినవాడు ఏరుకుంటాడు.

నాలుగోది, తెలుగు అక్షరాలు. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, 1800ల తొలి పదేళ్ళలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొట్టిన వెండి పావు వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, ఆయన చుట్టూ తమిళం, తెలుగు రాతలు ఉంటాయి. అవును, కంపెనీ దేవుడి బొమ్మతో నిజంగానే నాణేలు కొట్టింది. నేను మూడు వేలకు కొన్నది మాత్రం వాటిలో లేదు. మన కోస్తా జిల్లాల కోసమే, అంటే అప్పటి ఉత్తర సర్కారుల కోసం, 1794లోనూ 1797లోనూ బర్మింగ్‌హామ్‌లో రాగి నాణేలు కొట్టించారు. ఒక రూపాయికి 48 అని వాటి మీదే రాసి ఉంటుంది. మన నేల కథ ఉన్న నాణెం వేరే రాష్ట్రం దుకాణంలో "కంపెనీ రాగి, మిక్స్‌డ్" అనే డబ్బాలో పడి ఉండొచ్చు.

ఎక్కడ వెతకాలి?

అన్నింటికన్నా చవక, ముఖ విలువకే దొరికేవి. 10 రూపాయల నాణేలు చెల్లవన్న పుకారు మన రెండు రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి నడిచింది. అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో స్పష్టంగా చెప్పినా కొన్ని కిరాణా కొట్లు తీసుకోలేదు. ఆ కొట్లలో గల్లా పెట్టె అడుగున మిగిలిపోయిన నాణేలను నోటిచ్చి తీసుకుంటే వాళ్ళకూ సంతోషం, మనకూ ఏరుకోవడానికి పని. 2005, 2006 తేదీల తొలి డిజైన్ పది రూపాయల నాణేలు నాకు అలాగే దొరికాయి.

హైదరాబాద్‌లో అయితే పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్, చార్మినార్ పక్కన ముర్గీ చౌక్, ఎర్రగడ్డ ఆదివారం సంత. తెల్లారి వెళ్ళాలి. తొమ్మిదింటికి వెళ్తే మీకన్నా ముందే నలుగురు ఏరేసి ఉంటారు. ఇక్కడ గ్యారంటీ ఉండదు, కాబట్టి మీ కాటా, అయస్కాంతం జేబులో ఉండాలి. ఏది కావాలో ముఖంలో చూపించొద్దు. ఐదు నాణేలు పక్కన పెట్టి, మొత్తానికి ధర అడగండి. "బేటా, ఆఖరి మాట చెప్పు" అన్నాక తగ్గేది చాలా తక్కువ. అప్పుడు వదిలేసి నడిచే ధైర్యం ఉండాలి.

నాణేల ప్రదర్శనలు, వేలం పాటలు మరో దారి. వేలంలో అందరి చూపూ ఒక్కో నాణెంగా వచ్చే స్టార్ ఐటమ్‌ల మీదే ఉంటుంది. ఇరవై, ముప్ఫై నాణేలను కలిపి పెట్టిన లాట్లను ఎవరూ ఓపికగా చూడరు. ఫోటోలు జూమ్ చేసి తేదీలు రాసుకునేవాళ్ళకు అక్కడే లాభం. కమీషన్, పన్ను కలిపితే ఎంతవుతుందో ముందే లెక్కేసుకుని, అంతకుమించి ఒక్క రూపాయి కూడా పెంచొద్దు.

ధర ఎలా తెలుస్తుంది? ఎవరో అడుగుతున్న ధరను నమ్మొద్దు. అడగడానికి డబ్బులక్కర్లేదు. ఎంతకు అమ్ముడైందో చూడండి. వేలం సంస్థల పాత ఫలితాలు చాలావరకు ఫోన్‌లోనే ఉచితంగా కనిపిస్తాయి. రకాలు, బరువులు, తేదీలు సరిచూసుకోవడానికి న్యూమిస్టా కేటలాగ్ ఉంది. ఒక వీకెండ్ ఖాళీ చేసుకుని సైఫాబాద్ మింట్ కాంపౌండ్‌కు వెళ్ళండి. నిజాం కాలంలో 1903లో అక్కడ మొదలైన టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. నాణెం ఎలా పుడుతుందో ఒకసారి చూస్తే, ముద్ర తప్పిన నాణేనికీ, తర్వాత ఎవరో సుత్తితో కొట్టిన నాణేనికీ తేడా పట్టుకోవడం తేలికవుతుంది. రైలు పట్టాల మీద పెట్టి చపాతీ చేసినదాన్ని కూడా "ఎర్రర్ కాయిన్" అని అమ్మేవాళ్ళున్నారు.

ఇంకొక్క మాట. దొరికిన నాణేన్ని చింతపండుతో తోమకండి. మన ఇళ్ళలో ఇది పెద్ద ప్రమాదం. దశాబ్దాలుగా వెండి మీద పట్టిన నల్లటి ఛాయను సేకరించేవాళ్ళు ఇష్టపడతారు. తోమితే మెరుపు వస్తుంది, ధర పోతుంది. గొలుసులో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయిలకు కూడా వెండి విలువే మిగులుతుంది. దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు, కొన్నేళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది.

లక్షలిస్తామనేవాళ్ళు

"మీ దగ్గర వైష్ణోదేవి 5 రూపాయల నాణెం ఉందా? 10 లక్షలు మీవే!" అనే వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా వచ్చే ఉంటుంది. ఆ నాణెం అరుదైనదేం కాదు. వీడియో కింద ఉన్న నంబర్‌కు ఫోన్ చేస్తే "రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ ఫీజు", తర్వాత "జీఎస్టీ", తర్వాత "కొరియర్ ఇన్సూరెన్స్" అంటూ మీ దగ్గరే లాగుతారు. పాత నాణేలు, నోట్ల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఎలాంటి ఫీజులూ అడగమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. మా చిన్న మామయ్య ఇలాగే ఒక సాయంత్రం 2,500 పంపి, రెండో విడత పంపే ముందు నాకు ఫోన్ చేశాడు. "ముందే అడగాల్సింది అల్లుడూ" అన్నాడు. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బులు అడిగాడంటే అది మోసమే. ఇంకో పరీక్ష అక్కర్లేదు.

రైస్ పుల్లింగ్ సంగతి మన దగ్గర అందరికీ తెలిసిందే. బియ్యాన్ని లాగే రాగి నాణెం, అందులో ఇరీడియం, దాన్ని కోట్లకు కొనే విదేశీ కంపెనీ. బియ్యానికి ముందే ఇనుప పొడి పట్టిస్తే ఏ అయస్కాంతమైనా లాగుతుంది. బియ్యాన్ని లాగే నాణెం ప్రపంచంలో లేదు. చదువుకున్నవాళ్ళు, భూములు అమ్ముకున్నవాళ్ళు కూడా ఇందులో మునిగారు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. కాబట్టి లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కొని బిల్లు తీసుకోండి. పొలం దున్నుతుంటేనో, పాత ఇల్లు కూలుస్తుంటేనో భూమిలో నాణేల కుండ దొరికితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. "తవ్వకాల్లో దొరికింది, చవగ్గా ఇస్తా" అని ఎవరైనా అంటే దూరంగా ఉండండి. ఆ మాట నిజమైనా ప్రమాదం, అబద్ధమైనా ప్రమాదం.

పక్కింటి అవ్వ మూట

పోయిన దసరాకు ఊరెళ్ళాను. నాకు నాణేల పిచ్చి ఉందని అప్పటికే ఊళ్ళో పాకింది. పక్కింటి అవ్వ కొంగు ముడి విప్పి నాలుగు నాణేలు నా అరచేతిలో పోసింది. "బిడ్డా, నీకు ఇవి ఎరుకంట గద. నాకు దవాఖానకు పైసలు గావాలె. అన్నీ కలిపి ఐదొందలియ్యి."

రెండు ఐదో జార్జి రూపాయిలు. మా అమ్మమ్మ భాషలో కల్దార్ రూపాయిలు. ఒక నిజాం రూపాయి. ఒక పులి రూపాయి. వెండి ఒక్కటే లెక్కేసినా 30 గ్రాముల పైన. ఐదొందలన్నది అవ్వే. నేను బేరమాడలేదు కూడా. జుమ్మెరాత్ బజార్‌లో అయితే ఎగిరి గంతేసేవాణ్ణి.

ఒక్క నిమిషం నేనేం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నా చెయ్యి పర్సు మీదే ఉంది. లోపల అమ్మ గొంతు వినిపించింది. ఇక్కడ కాదు, అక్కడ, ఇంట్లో, బిందెలోంచి నీళ్ళు ముంచుతూ ఎవరితోనో మాట్లాడుతోంది.

కాటా తెచ్చి అవ్వ ముందే తూచాను. ఆ రోజు వెండి రేటు ఫోన్‌లో చూపించాను. పులి రూపాయి వెండి కాదని అయస్కాంతం పెట్టి చూపించాను. మొత్తం ఎంతవుతుందో చెబితే అవ్వ నమ్మలేదు. "ఉత్తగ చెప్తున్నవా?" అంది. చివరికి నిజాం రూపాయి వెండి ధరకన్నా కొంచెం ఎక్కువిచ్చి నేను తీసుకున్నాను, అది నాకు లేని తేదీ. కల్దార్లు రెండూ వాళ్ళబ్బాయి టౌన్‌లో రెండు షాపుల్లో అడిగి అమ్మాడు. పులి రూపాయి మనవడికి దాచింది.

వ్యాపారి దగ్గర తెలివితో గెలవడం ఒక ఆట. అతనికి కేటలాగ్ ఉంది, అనుభవం ఉంది, చదవకపోవడం అతని ఇష్టం. అతని ట్రేలో నేను పట్టుకున్న చుక్కల రూపాయి గురించి నాకు ఏ బాధా లేదు. ఇంట్లోంచి కొంగు ముడి విప్పేవాళ్ళతో ఆ ఆట లేదు. వాళ్ళకు ఆట మొదలైందనే తెలియదు. వాళ్ళ దగ్గర కొనేటప్పుడు ముందు విలువ చెప్పి, తర్వాత ధర మాట్లాడతాను. ఈ పద్ధతి పెట్టుకున్నాక "కొట్టేశా" అనే సందర్భాలు తగ్గాయి.

కానీ సంక్రాంతి ముందు అవ్వ కబురు పంపింది. పక్క ఊళ్ళో ఉన్న వాళ్ళ చెల్లెలి దగ్గరా ఒక మూట ఉందట. "మా పక్కింటి పిలగాడు మోసం చెయ్యడు" అని చెప్పిందట. వెళ్ళాను. ఆ మూటలో పదకొండు నాణేలు. ఒకదాని మీద చార్మినార్ వాకిలిలో మీమ్ అక్షరం, నేను రెండేళ్ళుగా వెతుకుతున్న తేదీ. ఏ బజార్లోనూ దొరకనిది.

సరైన ధరకే కొన్నాను. ఇంటికొచ్చి అమ్మకు చూపిస్తే, చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇసొంటివే, తొమ్మిది" అంది.